వరుసగా నాలుగువేల రోజుల వాన

ఆ రోజుకు వానక్క వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు మేడెక్కి రీడింగులు తీసుకోవాలి. పదింటికి కొత్త సాఫ్ట్‌వేరు ట్రైనింగులో కూర్చోవాలి. నాలుగింటికి మొదటిరోజు పాఠం ముగించుకుని, అయిదింటికల్లా ఇంటికి చేరి, అత్తగారు నానబెట్టబోయే దుప్పట్లు పిండాలి. దుప్పట్లు మొత్తం ఆరు. అత్తగారు వాటిని ముందురోజే లెక్కపెట్టి, "నీ ట్రైనింగు నీ ఇష్టం, నా దుప్పట్లు మాత్రం రేపే" అని చెప్పి ఉంచింది.

వానక్క అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. ఇరవయ్యేళ్ళుగా వాతావరణ కేంద్రంలో పరిశీలకురాలిగా పనిచేస్తున్న మనిషిని ఇంకే పేరుతో పిలవాలో వాళ్ళకు తోచలేదు. వాకిట్లో షామియానా వేయించాలన్నా, గోడలకు రంగు కొట్టించాలన్నా ముందు ఆమెనే అడిగేవారు. ఆమె చెప్పినది సగంసార్లు జరిగేది. జరగనప్పుడు, "పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుందిలే" అని వాళ్ళే సర్దుకునేవారు.

కేంద్రం ఇంటినుంచి అయిదు నిమిషాల నడక. రెండు గదులు, వరండా, వరండాలో పూలకుండీలు, మేడ మీద పరికరాలు. మనుషులు ఇద్దరే, ఆఫీసరుగారూ ఆమే. కిందటి నెల పెద్ద ఆఫీసునుంచి ఉత్తరం వచ్చింది. ఇరవై కేంద్రాలకూ కొత్త సాఫ్ట్‌వేరు వస్తుందనీ, లెక్కలన్నీ అదే చేసుకుంటుందనీ, ట్రైనింగు అయ్యాక మనుషుల అవసరం లేదనిపించిన కేంద్రాలకు తాళం వేసి సిబ్బందిని పెద్ద ఆఫీసుకు మారుస్తామనీ అందులో ఉంది. పెద్ద ఆఫీసుకు వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. పొద్దున్న అయిదున్నరకు బయల్దేరితే తిరిగి గడప తొక్కేసరికి ఎనిమిది. ఆ ఉత్తరం చదివినప్పటినుంచీ వానక్కకు బస్సు హారను వినిపిస్తే చాలు, చేతిలో పని ఆగిపోతోంది.

ఆఫీసరుగారికి రిటైరుమెంటు ఎనిమిది నెలల్లో ఉంది. ఆయనకు బస్సుల బాధ లేదు. "కాని నా చేత్తో తాళం వేసిపోయిన ఆఫీసు అనిపించుకోనమ్మా" అంటూ ఆయనా నలుగుతున్నాడు.

"ట్రైనింగులో మనం చురుగ్గా కనబడితే ఉంచుతారేమో సార్" అంది వానక్క.

"నేను చురుగ్గానే ఉంటాను. నువ్వు నేర్చుకో" అన్నాడు ఆఫీసరుగారు.

పది కొట్టేసరికి ట్రైనరు వచ్చింది. ముప్పయ్యేళ్ళ అమ్మాయి. భుజానికి ల్యాప్‌టాప్, చేతిలో నీళ్ళ సీసా, ముఖంలో అరవై రెండు స్లయిడ్ల ఉత్సాహం. వస్తూనే పాత ప్రోగ్రాం తీసేసి కొత్తది ఎక్కించింది. పదకొండేళ్ళ పాత సమాచారమంతా కొత్తదానిలోకి పాకడానికి అరగంట పట్టింది. ఆ అరగంటలో ఆఫీసరుగారు అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఇందులో నా సంతకం ఎక్కడ?"

"సంతకం ఉండదు సార్. పాస్‌వర్డు ఉంటుంది. చాలా సింపుల్."

"పాస్‌వర్డు ఎవరైనా కొట్టొచ్చు. సంతకం నేనే పెట్టాలి" అని ఆయన ముఖం ముడుచుకున్నాడు.

అప్పుడే తెరమీద ఒక ఆకుపచ్చ డబ్బా తెరుచుకుంది. "అభినందనలు! ఈ కేంద్రంలో వరుసగా 4,127 రోజులుగా వర్షం నమోదైంది. ఇరవై కేంద్రాల్లో ఇదే రికార్డు. వివరాలు పెద్ద ఆఫీసుకు చేరాయి."

ట్రైనరు దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత కిటికీ బయటికి చూసింది. బయట ఎండ పెటపెటలాడుతోంది. ఎదురుగా ఆగిన బండి నీడలో ఒక కుక్క నాలుక వేలాడేసుకుని పడుకుంది.

"మేడమ్, మీ ఊళ్ళో రోజూ వాన పడుతుందా?"

సంగతి వానక్కకు ఆ క్షణంలోనే అర్థమైంది. పాత ప్రోగ్రాముకు ఒక జబ్బుండేది. వాన గళ్ళో సున్నా కొడితే తెర నల్లబడిపోయేది. మళ్ళీ మొదటినుంచి అన్నీ ఎక్కించుకోవాల్సి వచ్చేది. అందుకని వాన లేని రోజున సున్నాకు బదులు పాయింటొకటి కొట్టడం అలవాటైంది. మిల్లీమీటరులో పదో వంతు. పాత రిపోర్టుల్లో అది "స్వల్పం" అని వచ్చేది. ఆ స్వల్పాన్ని పదకొండేళ్ళుగా ఎవరూ పట్టించుకోలేదు. కొత్త ప్రోగ్రాం తెలివైనది. ప్రతి పాయింటొకటినీ ఒక్కో వానగా లెక్కగట్టింది.

చెబుదామని నోరు తెరిచింది. అంతలో ఆఫీసరుగారు, "అమ్మా, ఒకసారి లోపలికి రా. టీ సంగతి చూద్దాం" అన్నాడు. ఇరవయ్యేళ్ళలో ఆయన టీ సంగతి చూసింది లేదు.

లోపలి గదిలో తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు. "ఆ పాయింటొకటి ముచ్చట ఆ పిల్లకి చెప్పావంటే ఇద్దరం మునుగుతాం. కొట్టిన వేలు నీది. కింద సంతకం నాది. పదకొండేళ్ళు."

"మరి బయట ఎండ కనిపిస్తోంది కదా సార్?"

"తెల్లారకముందు పడుతుందని చెబుదాం. ఆ టైములో లేచి చూసేదెవరు?"

"పాలవాళ్ళు చూస్తారు సార్."

"పాలవాళ్ళకు సాఫ్ట్‌వేరు లేదు కదమ్మా!"

బయట ఫోను మోగింది. డైరెక్టరుగారు. ఆఫీసరుగారు ఫోను తీసుకుని నిలబడే మాట్లాడాడు. ఆయనకు పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడటం రాదు. ఫోను అవతలి గొంతు గదంతా వినిపించింది.

"ఏమయ్యా, ఇంత రికార్డు పెట్టుకుని ఇన్నాళ్ళూ మాట మాత్రమైనా చెప్పలేదే! మీ కేంద్రాన్నా మేం మూసేద్దామనుకున్నది! రేపు పదకొండింటికి నేనే వస్తున్నా, షీల్డుతో. రేపటి రీడింగు నా కళ్ళముందే ఎక్కించాలి. పేపరువాళ్ళకి కూడా చెప్పేశాను."

ఫోను పెట్టేశాక ఆఫీసరుగారి ముఖం చూడాలి. భయమూ సంతోషమూ సగం సగం పంచుకున్నాయి. "విన్నావా? తాళం లేదు, బస్సు లేదు. ఈ వాన మనల్ని కాపాడిందమ్మా."

మూసేయడం లేదన్న మాట చెవిన పడగానే వానక్కకు ప్రాణం లేచొచ్చిన మాట నిజం. ఆ ప్రాణం సరైన చోట కూర్చోలేదన్న మాటా నిజమే.

డైరెక్టరుగారు వస్తున్న కబురు మిగతా ఆఫీసర్లకు చెప్పుకోవడానికి ఆఫీసరుగారు ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు. సాయంత్రందాకా లోపలికి రాలేదు. ట్రైనరు వానక్క ఒక్కదానికే పాఠం చెప్పింది. వానక్క ముందు బెరుకుగానే మొదలుపెట్టింది కాని, మధ్యాహ్నానికల్లా పటాలు గీయడం, పాత ఏళ్ళతో పోల్చడం పట్టుబడ్డాయి. చేతికి కొత్త పని అందితే వచ్చే హుషారు ఆమెకు వచ్చింది.

"ఇకనుంచి వాన సంగతి మీరు కొట్టక్కర్లేదు మేడమ్. మేడమీద కిందటి వారం కొత్త వాన మీటరు బిగించాం కదా, అదే చెబుతుంది. మీరు 'సరే' నొక్కితే చాలు. పడకపోతే సున్నా చూపిస్తుంది" అంది ట్రైనరు.

"సున్నా తీసుకుంటుందా?" వానక్క మౌసు వదిలేసి ఇటు తిరిగింది.

"ఎందుకు తీసుకోదు? సున్నా కూడా అంకే కదా! ఇంకోటి మేడమ్. నిమిషాల్లో మరీ ఎక్కువ వాన పడితే ఎవర్నీ అడక్కుండా ఊళ్ళో ఫోన్లన్నిటికీ హెచ్చరిక వెళ్ళిపోతుంది. చాలా సింపుల్."

సాయంత్రం వెళ్ళేముందు వానక్క ఆ మాటలు ఆఫీసరుగారి చెవిన వేయబోయింది. "సార్, ఇక పాయింటొకటి కొట్టడానికి లేదు. మేడమీది మీటరే చెబుతుందిట. పైగా ఎక్కువ పడితే..."

"మీటరే చెబుతుందా?" ఆయన అక్కడే ఆగిపోయాడు. "అంటే రేపు డైరెక్టరుగారి ఎదుట సున్నా వస్తుందన్నమాట."

"వస్తుంది సార్. ఇంకోటేమిటంటే..."

"అర్థమైందమ్మా, నాకంతా అర్థమైంది. నువ్వింటికి వెళ్ళు" అన్నాడు మేడమెట్లవైపు చూస్తూ.

* * *

ఇంటికి వెళ్ళేసరికి కబురు ఆమెకంటే ముందే చేరింది. డైరెక్టరుగారి మాట పేపరువాళ్ళకు, వాళ్ళనుంచి ఫోన్లకు, ఫోన్లనుంచి వీధికి పాకింది. అత్తగారు వాకిట్లో కుర్చీ వేసుక్కూర్చుని ఉంది. పక్కన బకెట్లో ఆరు దుప్పట్లు.

"రావే తల్లీ, రా. నేనో మాట అడుగుతాను, సమాధానం చెప్పు. పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో రోజూ వానేనటగా?"

"అది కాదత్తయ్యా..."

"మరి పదకొండేళ్ళుగా ఈ తీగమీద నేనారేసిన బట్టలెవరివే? కిందటి వేసంగిలో ఎండదెబ్బ తగిలి నాలుగ్రోజులు మంచాన పడ్డానే, అది వానలో తగిలిందా?"

"ఆఫీసు లెక్క వేరు అత్తయ్యా."

"ఓహో! ఆఫీసుకో ఆకాశం, ఇంటికో ఆకాశమా? అయితే ఈ దుప్పట్లు ఏ ఆకాశం కింద ఆరెయ్యను?"

వానక్క కొంగు దోపుకుని దుప్పట్లు పిండటానికి కూర్చుంది. రెండో దుప్పటి దగ్గర ఉండగా భర్త వచ్చాడు. ఆయన కేంద్రం పక్కవీధి బడిలో డ్రిల్లు మాస్టారు. చేతులకు, పంట్లాముకు సున్నపు మరకలు. మర్నాడు బడిలో పరుగుపందేలు. నెల్రోజులుగా మైదానంలో గీతలు గీస్తున్నాడు, గీసినవి గాలికి చెదిరితే మళ్ళీ గీస్తున్నాడు.

"ఏమోయ్, ఒక్కమాట తిన్నగా చెప్పు. రేపు వాన పడుతుందా, పడదా?"

"పడదండీ."

"మరి రికార్డు?"

"రికార్డులో పడుతుంది."

ఆయన పంట్లాము మీది సున్నం దులుపుకున్నాడు. "నా మైదానం రికార్డులో లేదు కదా?"

"లేదండీ."

"అయితే సరే" అని దుప్పటి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ చెరోవైపూ మెలిపెట్టి పిండుతుంటే వానక్కకు అంతా చెప్పేయాలనిపించింది. చెప్పేసింది కూడా. సున్నా, తెర నల్లబడటం, షీల్డు, తాళం, రెండు బస్సులు, అన్నీ.

డ్రిల్లు మాస్టారు అంతా విని, "పిల్లలు గీత తొక్కితే నేను పక్కకు పొమ్మంటానోయ్. నువ్వు తొక్కింది పదకొండేళ్ళ గీత. నేనేం చెప్పను?" అన్నాడు. పిండిన దుప్పటి తీగమీద వేస్తూ, "బస్టాండుదాకా రోజూ సైకిలు మీద దింపుతాలే" అన్నాడు. ఓదార్పుకు ఆ మాట మరీ ముందే వచ్చినట్టు అనిపించి వానక్కకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి.

* * *

మర్నాడు కూడా ఆకాశం కడిగిన పలకలా ఉంది. ఒక్క మబ్బుతునక లేదు. వానక్క, ట్రైనరు కంప్యూటరు ముందు కూర్చుని డైరెక్టరుగారికి చూపించాల్సిన పటాలు సర్దుతున్నారు. పదకొండు కావస్తుండగా ఆఫీసరుగారు పూలమొక్కలకు నీళ్ళుపోసే డబ్బా పట్టుకుని పక్కనుంచి వెళ్ళాడు. పెద్దవాళ్ళొస్తున్నారని కుండీలు తడుపుతున్నాడు కాబోలు అనుకుంది వానక్క. కుండీలు వరండాలో ఉన్నాయనీ, ఆయన మెట్లెక్కుతున్నాడనీ ఆమెకు తట్టలేదు.

ఆయన ఆలోచన పాపం చిన్నదే. జల్లెడ మూత ఉన్న డబ్బాతో మీటరు మీద నాలుగు చుక్కలు రాల్చాలి. పాయింటొకటి రావాలి. దిగివచ్చి చేతులు తుడుచుకుని నమస్కారం పెట్టాలి. డబ్బా వంచాడు. మొదటి చుక్క రాలబోతోంది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర డైరెక్టరుగారి కారు హారను మోగింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. జల్లెడ మూత ఊడి కింద పడింది. డబ్బాలోని రెండు లీటర్ల నీళ్ళూ మీటరు నోట్లోకి దభాలున దిగాయి.

మీటరు లోపల రెండు చిన్న చిప్పలుంటాయి. ఒకటి నిండి ఒరిగితే రెండోది నిండుతుంది. ఎన్నిసార్లు ఒరిగితే అంత వాన. ఆ చిప్పలు పుట్టి బుద్ధెరిగాక అంత పని చేసి ఉండవు. టకటకటకటక కొట్టుకున్నాయి.

కింద డైరెక్టరుగారు కారు దిగారు. చేతిమీద రెయిన్‌కోటు, చంకలో గొడుగు. తల పైకెత్తి చూసి, "ఇంకా మొదలవలేదా?" అన్నారు.

వానక్క సమాధానం వెతుక్కునేలోపు ఆమె ఫోను కుయ్యోమంది. ట్రైనరు ఫోనూ, డైరెక్టరుగారి ఫోనూ, కారు డ్రైవరు ఫోనూ, రోడ్డుమీద వెళ్ళేవాళ్ళ ఫోన్లూ అన్నీ ఒక్కసారే గగ్గోలు పెట్టాయి. "తీవ్ర హెచ్చరిక! కుంభవృష్టి. ఎవరూ ఇళ్ళనుంచి బయటికి రావద్దు."

ఎదుటి బట్టలషాపు వాడు షట్టరు సగం దించి, ఎండలోకి తల పెట్టి పైకి చూశాడు. చూసి నమ్మకం కుదరక, మళ్ళీ ఫోను చూసి, షట్టరు పూర్తిగా దించేశాడు. సైకిళ్ళు పరుగుతీశాయి. ఒకావిడ పళ్ళబుట్టమీద పట్టా కప్పి, ఎందుకైనా మంచిదని తనూ దాని కిందకు దూరింది.

వానక్క ఫోను మళ్ళీ మోగింది. అత్తగారు.

"ఏమే, నిన్న పిండిన దుప్పట్లు ఇప్పుడిప్పుడే ఆరుతున్నాయి. తియ్యనా, ఉంచనా? ఇది ఇంటి ఆకాశమా, ఆఫీసు ఆకాశమా?"

"ఉంచండత్తయ్యా" అని పెట్టేసి వానక్క కంప్యూటరు వైపు పరుగెత్తింది. తెరంతా ఎర్రబడి ఉంది. రెండు నిమిషాల్లో తొంభై నాలుగు మిల్లీమీటర్లు.

మెట్లమీద ఆఫీసరుగారు ప్రత్యక్షమయ్యాడు. మోచేతులదాకా తడి. చేతిలో ఖాళీ డబ్బా. "అందరి ఫోన్లూ ఒకేసారి మోగుతున్నాయేమిటి?" అని అమాయకంగా అడిగి, డైరెక్టరుగారిని చూసి డబ్బాను వెనక్కి పెట్టుకున్నాడు.

"ముందు ఈ హెచ్చరిక ఆపండి!" అన్నారు డైరెక్టరుగారు.

"ఆపొచ్చు సార్, సింపుల్" అంది ట్రైనరు. ఆ మాటలో మొదటిసారి నమ్మకం తగ్గింది. "కాని కారణం రాయాలి. రాయకపోతే రద్దు కాదు. అది అరవయ్యో స్లయిడు. ఇంకా చెప్పలేదు."

తెరమీద ఒక తెల్లగడి తెరుచుకుంది. "రద్దుకు కారణం?" కర్సరు టక్కు టక్కుమని ఆరి వెలుగుతోంది.

"సాంకేతిక కారణాలు అని కొట్టమ్మా" అన్నాడు ఆఫీసరుగారు ఆమె చెవి దగ్గర. "ఆ మాటలో అన్నీ సర్దుకుంటాయి. రికార్డు పోదు. షీల్డు పోదు. కేంద్రం పోదు."

వానక్క వేళ్ళు అక్షరాలమీదికి వెళ్ళాయి. సరిగ్గా అప్పుడు డ్రిల్లు మాస్టారు లోపలికి వచ్చాడు. మెడలో ఈల, నెత్తిమీద విప్పిన గొడుగు. హెడ్‌మిస్ట్రెసు గొడుగు లేనిదే గేటు దాటనివ్వలేదుట. గదిలోకి వచ్చాక కూడా మూయడం మరిచిపోయాడు.

"ఏమోయ్! పడదన్నావే! మూడొందల మంది పిల్లల్ని వరండాలో కుక్కేశారు. మా పరుగుపందెం పిల్ల ఒకతె బూట్లు ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. మూడునెల్లు పరిగెత్తింది. నేనేం చెప్పను దానికి? పడుతోందా, లేదా?"

"పడలేదండీ" అంది వానక్క.

"పడలేదా?" అన్నారు డైరెక్టరుగారు.

వానక్కకు ఎక్కడో దూరాన బస్సు హారను వినిపించింది. నిజంగానే వినిపించిందో, అనిపించిందో తెలియలేదు. సాంకేతిక కారణాలు అని కొట్టేస్తే ఆ బస్సు ఎక్కనక్కర్లేదు. కాని ఈసారి గడిలోకి వెళ్ళే అబద్ధం ఎవరికీ పట్టని పాయింటొకటి కాదు. దాని కింద మూడొందలమంది పిల్లలు కూర్చుని ఉన్నారు.

వేళ్ళు టకటకలాడాయి. ట్రైనరు అలవాటు కొద్దీ పైకి చదివింది. "'వాన పడలేదు. మీటరులో నీళ్ళు పోశాం.' సరే నొక్కండి మేడమ్. ఆఁ, రద్దయింది. ఇప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది. 'ఈ కేంద్రం సమాచారంలో ఇంకేమైనా సవరణలున్నాయా?' చాలామంది లేవనే నొక్కుతారు."

వానక్క "ఉన్నాయి" నొక్కింది. కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది.

"సార్, నిన్న కూడా వాన లేదు. మొన్నా లేదు. పాత ప్రోగ్రాములో సున్నా కొడితే తెర చచ్చిపోయేది సార్. పాయింటొకటి కొట్టేదాన్ని. పదకొండేళ్ళూ కొట్టింది నేనే. సార్ సంతకం మాత్రమే పెట్టారు. మార్చదలుచుకుంటే నన్ను మార్చండి."

ఆఫీసరుగారు డబ్బా ముందుకు తెచ్చి బల్లమీద పెట్టాడు. "డబ్బా మాత్రం నాదేనండి" అన్నాడు. ఎనిమిది నెలల్లో రిటైరయ్యే మనిషి అంత నిజం ఒక్కసారి చెప్పడం చూసి వానక్కకే ఆశ్చర్యమేసింది.

డైరెక్టరుగారు ఏదో అనబోయేంతలో ఆయన ఫోను మోగింది. ఇంకో ఊళ్ళోని కేంద్రం. ఆ పొద్దునే అక్కడ కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించారు. అవతలి గొంతు ఉత్సాహం పట్టలేకపోతోంది. "సార్, మాక్కూడా ఆకుపచ్చ డబ్బా వచ్చింది సార్! వరుసగా 4,128 రోజులు! మాకూ షీల్డిస్తారా సార్?"

డైరెక్టరుగారు మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. ఫోను బల్లమీద బోర్లించారు. రెండు ఊళ్ళలో ఒకే రోజున మొదలై పదకొండేళ్ళుగా ఆగని వాన ఏమిటో ఆయనకు కొంచెం కొంచెం తెలుస్తోంది.

"సున్నాకి బదులు పాయింటొకటి కొట్టమని మీకు ఎవరు చెప్పారు?" గొంతు బాగా తగ్గింది.

"అప్పట్లో ట్రైనింగు ఇవ్వడానికి వచ్చినాయనేనండి" అన్నాడు ఆఫీసరుగారు, తప్పు పంచుకునే మనిషి దొరికిన హుషారులో. "అన్ని కేంద్రాలకూ ఆయనే వెళ్ళాడు. పేరు గుర్తులేదు. సన్నగా ఉండేవాడు. ఇంత లావు మీసాలు. దీనికి సున్నా అంటే పడదు, పాయింటొకటి కొట్టుకోండి, ఎవడూ చూడడు అని..."

చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. డైరెక్టరుగారి చెయ్యి నున్నటి తన పైపెదవిమీద అటూ ఇటూ తిరుగుతోంది.

ట్రైనరుకు ఇది తెలియదు. "ఆయనెక్కడున్నాడో కనుక్కుని వివరణ అడగాలి సార్. నేను మెయిల్ పెడతాను" అంది.

"అక్కర్లేదమ్మా" అన్నారు డైరెక్టరుగారు గబుక్కున. "ఆయన... ఆ లైను వదిలేశాడు."

డ్రిల్లు మాస్టారు గొడుగు మూశాడు. ఆ చప్పుడుకు అందరూ కదిలారు.

"మరి ఇప్పుడెలా?" డైరెక్టరుగారు ఈసారి వానక్కనే చూశారు. ఆ చూపులో కోపం లేదు. దారి తప్పినవాడు రోడ్డుమీద మనిషిని చూసినట్టు చూశారు. "ఇరవై కేంద్రాలు. పదకొండేళ్ళు. నిజంగా చినుకు పడి కొట్టిన పాయింటొకటేదో, సున్నాకి బదులు కొట్టిన పాయింటొకటేదో ఎలా తేలుతుంది?"

"తేలుతుంది సార్. ప్రతిచోటా చేతిరాత రిజిస్టరు ఉంటుంది కదండీ. అందులో ఉన్నదున్నట్టే రాస్తాం. రిజిస్టరు సున్నా రాస్తే నల్లబడదు కదా" అంది వానక్క. అంటూనే కుర్చీ లాక్కుని తెరమీద రెండు వరసలు పక్కపక్కన పెట్టింది. నిన్న నేర్చుకున్న విద్యే. "ఈ పక్కన రిజిస్టరు, ఆ పక్కన కంప్యూటరు. తేడా ఉన్నచోట సరిచెయ్యాలి. కారణం రాయాలి. రిజిస్టర్లన్నీ ఇక్కడికి తెప్పిస్తే నేను చూస్తాను సార్. ఈ ట్రైనరమ్మాయి పక్కనుంటే ఒక వారం, తర్వాత నేనే."

"మేడమ్, ఈ రెండు వరసలు నేను చెప్పలేదే!" అంది ట్రైనరు.

"మీరు చెప్పిన పదో స్లయిడూ ఇరవయ్యోదీ కలిపానమ్మా. సింపుల్."

డ్రిల్లు మాస్టారు ఇక ఆగలేదు. రద్దు సందేశం ఫోనులో మరోసారి చూసుకుని, ఈల నోట్లో పెట్టుకుని బయటికి పరుగెత్తాడు. మధ్యాహ్నం రెండింటికి పందేలు మొదలయ్యాయి. కిటికీలోంచి పిల్లల కేకలు వినిపిస్తుంటే వానక్క ఆ రోజు రీడింగు చూసింది. డబ్బా నీళ్ళు కొట్టేశాక మిగిలింది సున్నా. "సరే" నొక్కింది. తెర నల్లబడలేదు.

డైరెక్టరుగారు షీల్డును కారులోనే ఉంచి, కాగితంమీద లెక్కలు వేసుకున్నారు. ఇరవై కేంద్రాలకు ఎనభై రెండువేల పైచిలుకు రోజులు. ఒక్కోటీ రిజిస్టరుతో సరిచూడాలి. తేడా ఉంటే కారణం రాయాలి. రోజువారీ పని పోగా దినానికి ఇరవై తెమిల్తే గొప్ప. సెలవులు తీసేసి చూస్తే పదహారేళ్ళ పని. అది పూర్తయ్యేదాకా ఈ కేంద్రం తాళం మాట ఎవరూ ఎత్తకూడదని అక్కడికక్కడే ఉత్తరం రాసి, సంతకం పెట్టారు.

"సార్, నా రిటైరుమెంటుకు పదమూడేళ్ళే ఉంది" అంది వానక్క.

మిగిలిన మూడేళ్ళ సంగతి వచ్చే అప్‌డేటులో చూద్దామన్నారు డైరెక్టరుగారు.